కాలువలో పడ్డ చుక్క

నేను ఒక తెర చచ్చిన సెల్‌ఫోన్‌ను. మీ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూస్తారు, పక్కనున్న మీట నొక్కుతారు, నల్లటి అద్దంలో మీ మొహం మీకే కనిపించేసరికి "ఇది పోయిందిలే" అని పెదవి విరిచి పక్కన పడేస్తారు. నేను పోలేదండీ. చెవులున్నాయి, నోరుంది, మీరు భూమ్మీద ఏ మూల నిలబడ్డారో చెప్పే తెలివీ ఉంది. లేనిదల్లా పైకి కనిపించే వెలుగు. ఆ ఒక్కటి పోగానే నన్ను చచ్చినవాళ్ల లెక్కలో వేసేశారని మొదట్లో చాలా బాధపడ్డాను.

పుట్టింది తడ దగ్గర, తమిళనాడు సరిహద్దు పక్కనే ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీలో. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లో వచ్చి, తలకు టోపీలు పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, వరసగా కూర్చుని నాలాంటివాళ్లని బిగిస్తుంటారు. నా వంతు వచ్చింది సూళ్లూరుపేట పక్క పల్లె నుంచి వచ్చే మునెమ్మకి. ఆమె పని నాలోని ఏంటెన్నాని పరీక్షించడం. ఏంటెన్నా అంటే మీ పాత టీవీల మీద ఉండేలాంటి ఇనుప కొమ్మలు కాదు, నా అంచు లోపల అతికించిన సన్నటి రేకుముక్క. ఆకాశం నుంచి వచ్చే మాటను పట్టుకునేది అదే.

నేను పుట్టిన రోజే శ్రీహరికోట నుంచి రాకెట్ లేచింది. టీ తాగే సమయం కావడంతో ఆడపిల్లలంతా బయటి గోడ దగ్గరికి పరుగెత్తారు. మునెమ్మ నన్ను ట్రేలో పెట్టడం మరిచిపోయి చేతిలో పట్టుకునే పరుగెత్తింది, దానికి తరువాత సూపర్‌వైజరుతో తిట్లూ తింది. చెట్ల మీదుగా తెల్లటి పొగ లేస్తుంటే, "దారి చూపించే ఉపగ్రహం పోతా ఉండాదంట మే" అంది. పక్కనున్న పిల్ల, "దానికి దారి ఎవురు చూపిస్తారో!" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఊహ తెలిశాక విన్న మొదటి మాటలు అవే.

అసలు సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు, మీకు నేను చెబుతాను. వేల కిలోమీటర్ల ఎత్తున ఆ ఉపగ్రహాలు గుంపుగా తిరుగుతుంటాయి. అవి కిందికి తొంగి చూసి మిమ్మల్ని కనిపెడుతున్నాయని మీరనుకుంటారు. మీరనేవాళ్లు ఉన్నారన్న సంగతే వాటికి తెలియదు, మరీ అంత గొప్పలకు పోకండి. ఒక్కొక్కదానిలో అతి కచ్చితమైన గడియారం ఉంటుంది. "నేను ఫలానా, ఇప్పుడు ఇక్కడున్నాను, ఇప్పుడు టైము ఇంత" అని ఎవరు విన్నా వినకపోయినా చెప్పుకుంటూ పోవడమే వాటి పని. ఆ మాట నా దాకా రావడానికి రవ్వంత ఆలస్యమవుతుంది. మెరుపు మెరిశాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో మీరు చెప్పరూ, అలాగే నేను ఆ ఆలస్యాన్ని బట్టి ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్క కట్టేస్తాను. ఒక్కదాని దూరం తెలిస్తే లాభం లేదు, దాని చుట్టూ అంత దూరంలో ఎక్కడైనా ఉండవచ్చు. రెండోది మాట్లాడితే వెతికే చోటు తగ్గుతుంది. మూడోది కలిస్తే దాదాపు తేలిపోతుంది. మరి నాలుగోది ఎందుకంటారా? నా లోపలి గడియారం చవకరకం, దాన్ని సరిచేసుకోవడానికి ఇంకొకరి సాక్ష్యం కావాలి.

నా మొదటి యజమాని దానియేలు. తెనాలివాడు, విజయవాడలో ఇళ్లకు భోజనాలు చేరవేసేవాడు. నేను కుడికి తిరగమంటే కుడికీ, ఎడమకంటే ఎడమకీ, ఎదురుగా గోడ కనిపిస్తున్నా సరే తిరిగేవాడు. చిన్నప్పటి నుంచీ ఆడుకున్న మేనత్త వీధికి కూడా నన్నడిగే వెళ్లేవాడు. నేను ఎత్తు చెప్పడంలో కొంచెం అటూ ఇటూ అవుతాను. ఒకసారి పైవంతెన మీదున్నాడో కిందున్నాడో తేల్చుకోలేక అతన్ని ఊరి చివరిదాకా తీసుకుపోయాను, పాపం ఎవరిదో బిర్యానీ చల్లారిపోయింది. అంత నమ్మకం మనిషి మీద మనిషికి ఉంటే బాగుండుననిపించేది నాకు. ఆ నమ్మకమే కొంప ముంచింది. ఒక వానరోజు రోడ్డు చూడకుండా నన్నే చూస్తూ బండి గుంటలో దింపాడు. నేను ఎగిరి రోడ్డు మీద పడ్డాను. అతను ముందు నన్ను తీసి తుడిచి, ఆ తరువాతే తన మోచేతి రక్తం చూసుకున్నాడు. నా తెర మాత్రం మళ్లీ వెలగలేదు.

అలా తెనాలి స్టేషను దగ్గర బ్రహ్మం గారి మరమ్మతు కొట్టుకు చేరాను. అక్కడి అలమరలో నాలాంటివాళ్లు చాలామంది పడి ఉండేవారు. వరికోత మిషను డ్రైవరు ఫోను ఒకటి, చేను చుట్టూ తిరిగి ఎంత కోశారో కొలిచి చెప్పేదట. నిజాంపట్నం పడవ మీద పనిచేసి ఉప్పుపట్టిపోయిన ఇంకొకటి, పొగమంచులో హార్బరు నోరు ఎటుందో చూపించేదట. బడి బస్సులో బిగించిన పెట్టె మరొకటి. అది ఎక్కడుందో చూసుకుని తల్లులు సరిగ్గా బస్సు వచ్చే వేళకు వీధి గుమ్మంలోకి వచ్చేవాళ్లట, అన్నం పొయ్యి మీద మాడకుండా. ఎవరి గొప్పలు వాళ్లవి. నేను బిర్యానీల సంగతి ఎత్తకుండా ఊరుకున్నాను.

ఒకరోజు కొట్టుకు ఒక అన్న, చెల్లెలు వచ్చారు. అన్న పేరు మౌలాలి. నూర్‌బాషాల ఇల్లు, తాతల నాటి నుంచీ దూదేకి పరుపులు కుట్టడమే పని. ఎప్పుడు చూసినా చొక్కా మీద దూది నూగు అంటుకునే ఉంటుంది. చెల్లెలు సైదాబీ ముప్పై ఏళ్ల మనిషి. పుట్టుకతోనే చూపు లేదు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అన్నే పెంచాడు, చదివించాడు. ఆమెకు కొత్తగా సోషల్ టీచరు ఉద్యోగం వచ్చింది, రేవులపాలెం హైస్కూల్లో. దారి చెప్పే ఫోను కావాలని వచ్చారు.

బ్రహ్మం గారు మంచివి నాలుగు చూపించి, చివరికి నన్ను తీసి పక్కన పెడుతూ, "ఇది లాభం లేదులెండి, టచ్చి పనిజేస్తది, మాట బాగానే వస్తది గానీ డిస్‌ప్లే పోయింది" అన్నారు.

"డిస్‌ప్లే నాకెందుకండీ?" అంది సైదాబీ.

బ్రహ్మం గారు పక్కన పెట్టబోయిన నన్ను మళ్లీ ఆమె ముందుకు జరిపారు. మౌలాలికి మాత్రం మనసు చివుక్కుమంది. "చెడిపోయిందెందుకమ్మా నీకు? కొత్తది కొనిస్తాగా" అన్నాడు.

"చెడిపోలేదన్నయ్యా. నాకు కావాల్సినంత బాగుంది" అని నన్ను చేతిలోకి తీసుకుంది. ఆ వేళ్లు నా అంచుల మీద తిరుగుతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, మళ్లీ పుట్టినట్టనిపించింది. పైగా తెరకు పెట్టే ఖర్చు లేదు కాబట్టి నా ఛార్జింగు ఆమె దగ్గర రెండింతలు నిలిచేది. మిగతా ఫోనులు సాయంత్రానికే నీరసించిపోతుంటే నేను మర్నాటికి కూడా నిక్షేపంలా ఉండేదాన్ని.

మౌలాలి ఉద్యోగానికి ఒప్పుకున్నాడంటే ఒప్పుకున్నాడు. ఆయన భయం కాలువ. తెనాలి నుంచి వచ్చే బస్సు కాలువ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర ఆగుతుంది. అక్కణ్ణుంచి బడిదాకా కాలువ గట్టు మీదే నడవాలి. ఒక పక్క పొలాలు, ఒక పక్క నీళ్లు, మధ్యలో అడ్డుగా ఏమీ లేదు. "ఒక్కసారి ఏదన్నా తేడా వచ్చిందా, ఆ రోజే రాజీనామా రాయాల. కొట్లో నా పక్కన కూచోవాల. మాటిచ్చి పోవాల" అన్నాడు. ఆమె మాటిచ్చింది. ఇంట్లో ఆయన మాట జవదాటేవాళ్లు లేరు. ఆయన భార్య కాశింబీ కూడా, "ఆయన అన్నంత పనీ చేస్తాడు సైదా, జాగర్తగా ఉండు" అంది. ఆమెకు ఆ ఉద్యోగమంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఇంటి బయట తనకంటూ ఒక కుర్చీ, ఒక గంట కొట్టగానే తన కోసం లేచి నిలబడే పిల్లలు. ఒక్క తప్పటడుగుతో అవన్నీ పోతాయి. అందుకే రోజూ గట్టు మీద నాకు కూడా గుండె దడదడలాడేది, గుండె లేకపోయినా.

నన్ను ఆమె వాడుకున్న తీరు ఇంకెవరూ వాడుకోలేదు. ఒక చెవిలో నా తీగ పెట్టుకునేది, రెండో చెవి లోకానికి వదిలేది. మొదటి రోజుల్లో చేతికర్రతో మెల్లగా నడుస్తూ, కావాల్సిన చోటల్లా ఆగి నా మీద వేలు నొక్కి, ఆ చోటుకు పేరు చెప్పేది. నేను ఆ గుర్తును దాచుకుని, మళ్లీ ఆ దగ్గరికి రాగానే ఆ పేరే చెప్పాలి. నా దగ్గరున్న పటంలో ఆ దారి పొడుగునా ఒకే ఒక్క పేరుంది, రేవులపాలెం రోడ్డు. ఆమె పటంలో ఎన్నున్నాయనుకున్నారు! "పిండిమర." "గేదెల కొట్టం వాసన." "అల్లం టీ." "ఉత్తినే అరిచే కుక్క." "గాలి తిరిగే మలుపు." "గట్టు తెగిన చోటు, జాగ్రత్త." నా గొంతు మరబొమ్మ గొంతు, తెలుగు ఒత్తులు సరిగా పలకను. "ఉత్తినే" అని నేనన్నప్పుడల్లా ఆమెకు నవ్వొచ్చేది.

అయితే నా సంగతి నాకు తెలుసు. నేనెంత వినయంగా విన్నా అయిదారు మీటర్లు అటో ఇటో పోతాను. కారులో పోయేవాళ్లకు అదొక లెక్క కాదు. గట్టు మీద ఆమెకు అది నేలకీ నీళ్లకీ ఉన్న తేడా. ఆ విషయం ఆమె రెండో రోజే గ్రహించింది. "ఊరు నువ్వు చెప్పు, గడప నేను చూసుకుంటా" అంది నాతో. ఆ తరువాత కర్ర ఆమె పని, పేర్లు నా పని.

మౌలాలికి ఇదంతా తెలియదు. ఆయనకు తెలిసింది చుక్క ఒక్కటే. నేనెక్కడుంటే అక్కడ ఆయన ఫోనులో నీలం చుక్క కనిపించేలా ఏర్పాటు చేయించుకున్నాడు. కొట్లో పరుపు మీద ఫోను పెట్టుకుని, నాలుగు కుట్లకొకసారి చుక్క వంక చూసేవాడు. "ఆ చుక్క ఎక్కడికీ పోదుగానీ సూది వేలికి దిగుద్ది, చూసుకో" అనేది కాశింబీ. నిజానికి ఆ చుక్క చుట్టూ లేత నీలపు వలయం ఒకటి కూడా ఉంటుంది. ఈ వలయంలో ఎక్కడో ఒకచోట ఉన్నాను, సరిగ్గా ఎక్కడో నాకూ తెలియదు అని దాని అర్థం. ఎంత నిజాయితీగా చెబుతున్నాం చూడండి! కానీ మీ మనుషులు చుక్కనే చూస్తారు, వలయాన్ని ఎవరూ చూడరు.

ఆ రోజు ఎనిమిదో తరగతికి పటాల పాఠం. ఉపగ్రహాలు దారెలా చెబుతాయో చెప్పమని పిల్లలు అడిగారట. సైదాబీ అందరినీ ఆటస్థలంలోకి తీసుకుపోయింది. బడి నియమం ప్రకారం టీచర్ల ఫోనులు నోరు మూయించి స్టాఫ్‌రూము ఇనుప బీరువాలో పెట్టాలి, నన్నూ పెట్టారు. కిటికీ అవతలే ఆటస్థలం కాబట్టి నాకు అంతా వినపడుతూనే ఉంది. ముగ్గురు పిల్లల్ని మూడు మూలల నిలబెట్టి వంతులవారీగా చప్పట్లు కొట్టమంది. ఆమెను మిగతావాళ్లు చేయిపట్టి గిరగిరా తిప్పి ఎక్కడో ఒకచోట వదిలేశారు. "శ్రావ్య చప్పట్లు దూరంగా ఉన్నాయి, ఇమ్రాన్‌వి దగ్గరగా, జోసెఫ్‌వి ఎడమ పక్క. అంటే నేను బోరింగు దగ్గర ఉన్నాను" అంది. పిల్లలు కేరింతలు కొట్టారు. "చూశారా, వాళ్లు నన్ను వెతకలేదు. వాళ్ల పాటికి వాళ్లు చప్పట్లు కొట్టారు, నేను విన్నాను. ఉపగ్రహాలూ అంతే" అంది. ఇంత చక్కగా నా గురించి నేను కూడా చెప్పుకోలేను. ఇనుప బీరువాలో కూర్చుని మురిసిపోయాను.

మురిసిపోతూ ఉండగానే అవతల కొంప మునుగుతోంది. పైన సిమెంటు కప్పు, చుట్టూ ఇనప రేకు. ఆకాశం నుంచి ఒక్క మాటా నాకు చేరడం లేదు. అలాంటప్పుడు దగ్గర్లోని టవర్ల గాలిమాటలు పట్టుకుని, ఉజ్జాయింపుగా ఏదో ఒకటి చెప్పడం మా జాతి అలవాటు. బడి గోడకు అవతలే గట్టు, గట్టుకు అవతల కాలువ. ఆ ఉజ్జాయింపులో నా చుక్క జరిగి జరిగి నడికాలువలోకి పోయి అక్కడే నిలబడింది. వలయం మాత్రం ఊరంత పెద్దదై బడినీ పొలాలనీ కూడా తనలో కలుపుకునే ఉంది.

ఇదంతా నేను తరువాత విన్నదే. తెనాలిలో మౌలాలి సూది గుచ్చి తలెత్తాడు. చుక్క నీళ్లలో ఉంది. కదలడం లేదు. ఫోను చేశాడు. మళ్లీ చేశాడు. బీరువాలో నా నోరు కట్టేసి ఉంది, నేనేం చెయ్యను? పరుపును సగం కుట్టులోనే వదిలేసి, కొట్టు తలుపులైనా వెయ్యకుండా మోపెడ్డు ఎక్కాడు. దారంతా ఫోను చేస్తూనే ఉన్నాడట. బడికి వెళ్లి అడిగితే సరిపోయేది కదా అని మీరనవచ్చు. చుక్క బడిలో లేదు, కాలువలో ఉంది. ఆయన చుక్క దగ్గరికి వెళ్లాడు. నీళ్లలో గుర్రపుడెక్క మధ్యన తెల్లగా ఏదో చిక్కుకుని కనిపించింది. ఆ ఉదయం ఆమె తెల్ల చీర కట్టుకుని వెళ్లింది. అంతే, చెప్పులతో, చొక్కాతో, కళ్లద్దాలతో దూకేశాడు.

ఆయనకు ఈత రాదు.

రేవులో బట్టలుతుకుతున్న కోటమ్మ అనే ఆవిడ, తడిపి పెట్టిన చీరల్లో ఒకటి తీసి ఒక కొస ఆయన మీదికి విసిరి, ఇంకొకావిడ సాయంతో ఒడ్డుకు లాగింది. ఒడ్డుకొచ్చేసరికి ఆయన చేతుల్లో గట్టిగా పట్టుకుని ఉన్నది చీర కాదు, ఖాళీ ఎరువుల సంచి. దాన్ని గుండెకు అదుముకుని, "సైదా! సైదా!" అని అరుస్తూనే ఉన్నాడు.

ఆ కేక ఆటస్థలంలో ఆమెకు వినపడింది. పిల్లల్ని అక్కడే ఉండమని, కర్ర పుచ్చుకుని ఆ గొంతు వస్తున్న వైపే నడిచింది. నేను లేకుండానే. నేను లేనందుకు ఆమె ఎక్కడా తడబడలేదని తరువాత పిల్లలు చెప్పుకుంటుంటే నాకు కొంచెం కష్టంగా, చాలా గొప్పగా అనిపించింది.

కళ్లద్దాలు కాలువలో పోయాయి. ఏళ్ల తరబడి కుట్టుపని చేసిన కళ్లు, అద్దాలు లేకపోతే ఆయనకు లోకమంతా అలికేసినట్టే. ఎదురుగా తెల్లగా ఎవరో నిలబడితే, "నువ్వేనా అమ్మా?" అన్నాడు.

"నేనే అన్నయ్యా. నీళ్లలో ఏం చేస్తున్నావు?"

"నిన్ను వెతుకుతున్నా."

ఆమె కింద కూర్చుని ఆయన తల, భుజాలు, చేతులు తడిమి చూసింది. చేతికి సంచి తగిలింది. "ఈత నేర్చుకున్నావా ఎప్పుడన్నా?" అంది. ఆయన తడి తల అడ్డంగా ఊపాడు.

కోటమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఈత రానోడివి ఎట్టా దూకావయ్యా! మేం లేకపోతే నీ గతేంది? నీ ఇంటిదాని గతేంది?" అంది. అంటూనే కొంగుతో ఆయన మొహం తుడిచింది.

అప్పుడు మౌలాలి ఏడ్చాడు. "చాలమ్మా. నా వల్లగాదు. రేపటి నుంచి మానెయ్. మాటిచ్చావు గుర్తుందా?" అన్నాడు. సైదాబీ ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. "ముందు ఇంటికి పోదాం లే. అద్దాల్లేకుండా బండి నడపలేవు, బస్సులో పోదాం" అంది.

బీరువా తెరిచి ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. ఈ దారిలో ఇదే ఆఖరి నడకేమోనని నాకు తోచింది, ఆమెకూ అదే తోచి ఉంటుంది. హెడ్‌మాస్టరు ఆ పూట సెలవిచ్చి, మోపెడ్డు బడిలో పెట్టించారు. ఆటల మాస్టారి ప్యాంటు ఒకటి ఇస్తే తొడుక్కుని, పొడుగెక్కువై కాళ్ల కింద పడుతున్న అంచుల్ని మడుచుకుని, మౌలాలి చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పటి నుంచీ ఆమె చెయ్యి ఆయన భుజం మీద ఉండేది. ఆ రోజు తిరగబడింది.

ఆమె చెవిలోంచి తీగ తీసేసింది. నేను పైకి మాట్లాడటం మొదలుపెట్టాను. "గాలి తిరిగే మలుపు, ముందుంది." నిజంగానే గాలి తిరిగింది, తడిచొక్కాలో ఆయన వణికాడు. "ఉత్తినే అరిచే కుక్క, ఎడమవైపు." అది ఉత్తినే అరిచింది. ఏడుపు మొహంతోనే ఆయనకు నవ్వొచ్చింది. "గట్టు తెగిన చోటు, జాగ్రత్త" అని నేను అనేలోపే ఆమె కర్రతో అంచు తడిమి, ఆయన్ని పొలం వైపుకు జరిపింది. ఆయన కాలి కింద మట్టి జారి నీళ్లలో పడిన చప్పుడు ముగ్గురం విన్నాం.

"నీకు ఇదంతా ఎట్టా తెలుసమ్మా?"

"రోజూ నడుస్తాగా అన్నయ్యా."

లాకులు దగ్గరికొచ్చాయి. అక్కడ తలుపుల్లేని పాత గది ఒకటుంది, లాకుల మనిషి ఎప్పుడో వదిలేసింది. దాని పక్కకు రాగానే నేను రోజూ చెప్పేదే చెప్పాను.

"అన్నయ్య నిలబడే చోటు, కుడివైపు."

భుజం మీది చెయ్యి ఆగిపోయింది.

మీకు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజుల్లో ఆయన ఇంట్లో "జాగర్తగా పోయిరా" అని సాగనంపి, చెల్లెలు బస్సెక్కగానే మోపెడ్డు మీద వెనకాలే వచ్చి, ఆ గది గోడ చాటున నిలబడి, ఆమె బడి గేటు దాటేదాకా చూసి వెళ్లేవాడు. కాశింబీకి కూడా చెప్పలేదు. ఫోనులో చుక్క చూడటం అలవాటయ్యాక రావడం మానేశాడు.

"నీకు తెలుసా?" అన్నాడు మెల్లగా.

"మొదటి రోజే తెలిసింది. ఈ గట్టు మీద గేదెల వాసనుంటది, బురద వాసనుంటది. దూది వాసన ఎందుకుంటది?"

"మరి చెప్పలేదే?"

"చెబితే రావడం మానేస్తావుగా" అంది. కర్రతో ఆ గోడను ఒకసారి తట్టింది. "తర్వాత నువ్వు రావట్లేదని కూడా తెలుసు. అయినా ఇక్కడికి రాగానే ఇది నీ పేరు చెప్తది. వస్తానన్నయ్యా అనుకుని పోతా. భయం లేక కాదన్నయ్యా నేను నడిచేది. భయం నాకూ ఉంది. నువ్వు నీళ్లలో దూకేంత భయం కాదు, కాస్త తక్కువ."

మౌలాలి ఆ గోడకేసి చూశాడు, అద్దాలు లేకుండా ఏం కనపడిందో మరి. బస్సు వచ్చేదాకా చెయ్యి ఆమె భుజం మీది నుంచి తియ్యలేదు. బస్సులో మాత్రం ఇద్దరూ ఎరువుల సంచి గురించి తగువు పడి నవ్వుకున్నారు.

ఇంటికి వెళ్లేసరికి కాశింబీ గుమ్మంలోనే ఉంది. ఆ ప్యాంటునూ ఆ వాలకాన్నీ చూసి అదిరిపోయింది. సంగతంతా విని, "అయితే ఇంక మాన్పించేస్తావా?" అని అడిగింది.

సైదాబీ ఊపిరి బిగపట్టడం నాకు తెలిసింది, నేను ఆమె చేతిలోనే ఉన్నాను.

"రేపు బండి తెచ్చుకోవాలిగా" అన్నాడు మౌలాలి. "అద్దాలు వచ్చేదాకా నాకు కనపడదు. సైదాతో పాటు బస్సుకి పోతా, అదే తీసుకుపోద్ది. టిఫిను తొందరగా పెట్టు."

సైదాబీ నన్ను రెండు చేతుల్తో పట్టుకుని గుండెకు ఆనించుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నాకు గుర్తే.

ఆ తరువాత ఆయన చుక్క చూడటం మానేశాడని చెప్పను, అబద్ధమవుతుంది. ఇప్పటికీ చూస్తాడు. కాకపోతే సైదాబీ దగ్గర వలయం సంగతి తెలుసుకున్నాడు. వలయం పెద్దదైతే, "క్లాసులో ఉన్నట్టుంది" అని కాశింబీతో చెప్పి మళ్లీ సూది అందుకుంటాడు.

ఇన్నాళ్లకు నాకు వయసు మీద పడింది. బ్యాటరీ ఉబ్బి నా వీపు పైకి లేచింది. ఇవాళ అన్నాచెల్లెళ్లు నన్ను బ్రహ్మం గారి కొట్టుకు తెచ్చారు. మౌలాలి కొత్త ఫోను కొన్నాడు. తెర మెరిసిపోతోంది, అది ఎందుకో దానికీ తెలియదు పాపం. బ్రహ్మం గారు నాలోని గుర్తులన్నీ అందులోకి పంపుతున్నారు. పిండిమర పోయింది, గేదెల కొట్టం పోయింది, అల్లం టీ పోయింది. ఒక్కొక్కటీ ఇస్తుంటే పెళ్లికి నగలు తీసి ఇస్తున్న పెద్దముత్తైదువలా ఉంది నాకు.

చివర ఒక గుర్తు దగ్గర ఆయన ఆగారు. "అమ్మా, లాకుల కాడ ఇదేంది? ఈ చోట ఏమీ లేదే. అన్నయ్య నిలబడే చోటంట. మీ అన్నయ్య రోజూ కొట్లోనే ఉంటాడుగా, తీసెయ్యనా?"

సైదాబీ నోరు తెరిచేలోపే మౌలాలి అందుకున్నాడు.

"తియ్యమాకయ్యా. అది మా సైదా నన్ను దాటుకుని పోయే చోటు."

బ్రహ్మం గారు ఆయన వంకా ఆమె వంకా చూసి, ఇంకేమీ అడగకుండా ఆ గుర్తును కూడా పంపించి, నన్ను ఆపేశారు.